మింగిన వాక్యం

"ఇవాళ ఎవర్ని పంపించేస్తున్నావు?" అని అడిగాడు భర్త, ఆమె తన భోజనం డబ్బాకి మూత బిగిస్తూ ఉండగా.

రోజూ అడిగే మాటే. ఆమె ఒక దినపత్రికలో సంస్మరణలు రాస్తుంది. మనిషి పోయాక హడావిడిగా రాసేవి కావు, పోకముందే తీరిగ్గా రాసి దాచేవి. పేరున్నవాళ్ళకి వయసు మీరిందనో, జబ్బు చేసిందనో కబురు తెలియగానే వాళ్ళ బతుకునంతా రెండు కాలమ్‌లకి కుదించి, మొదటి వాక్యంలో తేదీకి మాత్రం ఖాళీ వదిలి సిద్ధంగా ఉంచాలి. ఆ ఫైళ్ళు ఉండే చోటుని ఆఫీసులో చల్లపెట్టె అంటారు. వాటిని రాసే ఆమెను ముందస్తమ్మ అంటారు. ఆమె కారిడార్లో ఎదురైతే పెద్ద వయసు సబెడిటర్లు గుండెమీద చెయ్యి వేసుకుని, "మేడమ్, నేనింకా బాగానే ఉన్నాను" అంటారు. ఆమె నవ్వుతుంది. నవ్వడం కూడా ఆ ఉద్యోగంలో ఒక భాగమని ఆమెకి ఎప్పుడో అర్థమైంది.

భర్త బీమా కంపెనీలో అధికారి. నలుగురు చేరిన చోట, "మా ఇద్దరిదీ ఒకటే వ్యాపారమండీ, ముందు నేను వెళ్ళి పాలసీ రాయిస్తాను, వెనకాల ఈవిడ వచ్చి మిగతాది రాసేస్తుంది" అని నవ్విస్తాడు. మంచివాడని అందరూ అంటారు. చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. మొన్న డబ్బా మూత సరిగ్గా పట్టక సంచీలో నూనె కారినప్పుడు కూడా కోప్పడలేదు. ఆ నూనె మరకను నలుగురికీ చూపించి, "మా ఆవిడ దృష్టంతా పరలోకం మీదే, ఏం చేస్తాం" అన్నాడట. సాయంత్రం ఇంటికి వచ్చి ఆ మాట ఆమెకే చెప్పి, ఆమె నవ్వేదాకా ఆగి, తర్వాత కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు.

"సూట్‌కేసమ్మని" అంది ఆమె.

భర్త చేతిలోని కప్పు కింద పెట్టాడు. "అయ్యో. అంత బాగోలేదా?" అని కాసేపు నిజంగానే బాధపడ్డాడు. తర్వాత ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "బాగా రాయి. దేశాలన్నీ ఏలి చివరికి ఒక్కతే మిగిలిందని రాయి. చదివిన ఆడపిల్లలకి బుద్ధి వస్తుంది" అన్నాడు.

సూట్‌కేసమ్మ అంటే ఆ పత్రికకి విదేశాల నుంచి వార్తలు రాసిన మొదటి ఆడమనిషి. ఎక్కడ ప్రభుత్వం పడిపోయినా, ఎక్కడ సరిహద్దు మండినా, మిగతావాళ్ళు ఇంటికి ఫోన్ చేసి బట్టలు సర్దమని చెప్పేలోపు ఆవిడ విమానం ఎక్కేసి ఉండేదిట. బల్లకింద ఎప్పుడూ సర్దిన పెట్టె ఉండేది కనుక ఆ పేరు. ఉద్యోగం విరమించాక పుస్తకాలు రాసింది. యుద్ధాల మీద, యుద్ధాలు ముగిశాక మనుషులు ఇళ్ళకి తిరిగి రావడం మీద. బహుమతులు వచ్చాయి. ఇప్పుడు ఊపిరితిత్తులు మొరాయించి మంచం పట్టింది.

ఆవిడ ఏనాడూ ఆమె ఇంటి మెట్టు ఎక్కలేదు. అయినా ఆ ఇంట్లో ఆవిడ ప్రస్తావన లేకుండా ఒక నెల గడిచింది లేదు. ఆమెకి ఆఫీసులో ఆలస్యమైతే, "ఏం, సూట్‌కేసమ్మ అవుదామనా?" అనేవాడు భర్త. పాప బడికెళ్ళే రోజుల్లో లెక్కల్లో మార్కులు తగ్గితే, "తల్లి పేపర్లో ఉంటే పిల్ల ఎలా ఉంటుందో ఆ సూట్‌కేసమ్మ కూతుర్ని అడగాలి" అనేది అత్తగారు. అత్తగారు ఇప్పుడు లేరు. ఆవిడ మాటలు మాత్రం వంటింట్లో మసిగుడ్డల్లా ఎక్కడపడితే అక్కడ చేతికి తగులుతూనే ఉంటాయి. "పేరు గోడకి తగిలించుకోవడానికి బాగుంటుందమ్మా, సాయంత్రమైతే పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకోవాలిగా." సూట్‌కేసమ్మ కూతురు తండ్రి చేతిలో, తల్లి ఉండీ లేని పిల్లలా పెరిగిందని, పెద్దయ్యాక తల్లి ముఖం చూడదని ఆఫీసులో ఒక కథ ఉండేది. ఆమె ఆ కథను విన్నది. విని ఊరుకోలేదు, భోజనాల బల్ల దగ్గర కొత్తగా చేరిన అమ్మాయిలకి తానే చెప్పేది. చెప్పినప్పుడల్లా చివర తన సంగతి కలిపేది: తనకీ ఒకప్పుడు విదేశంలో పోస్టింగు ఇస్తామన్నారు. ఇంట్లో ఎవరూ ఆపలేదు, మా ఆయన దేవుడు, వెళ్ళమనే అన్నారు, నాకే మనసొప్పలేదు. అమ్మాయిలు గౌరవంగా తలలూపేవారు. ఆ గౌరవంలో ఆమె వాటా కంటే అక్కడ లేని భర్త వాటాయే పెద్దదని ఆమెకి తెలుసు. తెలిసే ఇచ్చేది.

అందువల్ల, ఎడిటర్ ఆవిడ ఫైలు తాజాగా రాయమన్నప్పుడు ఆమె ఎన్నడూ లేనంత శ్రద్ధగా కూర్చుంది. వారం రోజులు పాత వార్తలన్నీ తీయించి చదివింది, పుస్తకాలు తిరగేసింది. తేదీలు, ఊళ్ళు, బిరుదులు సరిగ్గా అమరాయి. కానీ ఆమె వెతికింది వాటిని కాదు. ఆవిడ ఎక్కడో ఒకచోట, ఏ ముందుమాటలోనో ఏ ఇంటర్వ్యూలోనో, ఇల్లు వదిలి తప్పు చేశానని ఒక్క ముక్క అని ఉండాలి. ఆవిడ పశ్చాత్తాపపడి ఉండాలి. ఆవిడ పశ్చాత్తాపపడితేనే ఈమె ఇన్నేళ్ళూ పోపు వేగే లోపల రాసుకున్న వాక్యాలకీ, మధ్యలో లేచి తలుపు తీసిన సాయంత్రాలకీ, ఎవరెవరి చావుల కోసమో తేదీ ఖాళీ వదిలి కూర్చున్న ఉద్యోగానికీ ఒక అర్థం నిలుస్తుంది. ఆ ముక్క ఎక్కడా దొరకలేదు. దొరకకపోయేసరికి ఆమె తానే రాసింది: "దేశదేశాలు తిరిగిన ఆ పాదాలకు చివరికి సొంత ఇల్లే పరాయిదైంది, ఆ లోటు ఆమెను జీవితాంతం వెంటాడింది."

వాక్యం బాగుంది. చిన్నప్పటినుంచీ వ్యాకరణం, ఛందస్సు చదువుకున్న చెవి కనుక, అది ఎక్కడ ఊపిరి తీసుకుని ఎక్కడ వాలుతుందో ఆమెకి వినిపించింది. ఎడిటర్ చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈ ఒక్క మాట చాలు మేడమ్, మనసుకి తగిలింది" అన్నాడు. అయితే పుట్టిన సంవత్సరం రెండుచోట్ల రెండు రకాలుగా ఉంది. ఒకసారి వెళ్ళి అడిగి వస్తే మంచిదన్నాడు. సంస్మరణ అని చెప్పకూడదు కనుక ప్రత్యేక వ్యాసం అని చెప్పమన్నాడు.

ఆవిడ ఉండేది కూతురి ఇంట్లోనని చిరునామా అడిగినప్పుడే తెలిసింది. కింది వాటాలో పళ్ళ ఆసుపత్రి, పైన ఇల్లు. తలుపు తీసిన మనిషి యాభైకి దగ్గరగా ఉంది. డాక్టరు కోటుతోనే ఒక చేత్తో గిన్నె, ఇంకో చేత్తో గరిటె పట్టుకుని ఉంది.  తల్లి ముఖం చూడని కూతురు ఈవిడే కావాలి.

"సంస్మరణకేనా?" అంది ఆ డాక్టరు, పక్కకి తప్పుకుంటూ. "రండి. పొద్దుటినుంచి అమ్మ ఎవరి పెళ్ళికో వెళ్తున్నట్టు తయారై కూర్చుంది. తీపి ఏదైనా పెట్టమంటే పెట్టకండి. పళ్ళన్నీ నేను కట్టినవే, పాడుచేస్తే మళ్ళీ నేనే కట్టాలి."

లోపల గదిలో కిటికీ పక్కన వాలు కుర్చీ, దాని పక్కన ప్రాణవాయువు యంత్రం, ముక్కుకి సన్నటి గొట్టం. గోడలకి బహుమతులేవీ లేవు. పుస్తకాల బీరువాలు రెండు, అడుగున మందుల పెట్టె. పెద్దావిడ మనిషి మొత్తం చిక్కిపోయి గొంతు ఒక్కటీ మిగిలినట్టు ఉంది. ఆ గొంతు ఆమెకి తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె పని ఫోనులో వార్తలు రాసుకోవడం. ఏ దేశం నుంచో గరగరమనే లైనులో ఈ గొంతు, "కామా. కొత్త పేరా. ఊరి పేరు అక్షరం అక్షరం చెబుతాను, రాసుకో" అనేది. అంతా అయ్యాక, "ఇక చదివి వినిపించు" అనేది. రాసుకున్నదాన్ని రాసుకున్నట్టు తిరిగి చదివి వినిపించడం ఆ రోజుల్లో నియమం. కామా కూడా వదలకూడదు. వినిపించకుండా ఫోను పెట్టేస్తే మర్నాడు అచ్చులో పడే తప్పుకి రాసుకున్నవాళ్ళదే పూచీ.

"వ్యాసమన్నారు" అంది పెద్దావిడ. "నా జీవితం మీదా, దాని అవతలిదాని మీదా?"

ఆమె తడబడి, జీవితం మీదే అంది.

"ముందస్తమ్మవి నువ్వే కదూ? నిన్ను పంపారంటే నా టిక్కెట్టు ఖాయమైనట్టే" అని పెద్దావిడ నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగాక పుట్టిన సంవత్సరం చెప్పింది. రెండు పుస్తకాల పేర్లు సరిచేసింది. ఒక బహుమతి తనకి రాలేదని, వచ్చిందని అందరూ అనుకుంటూంటే ఊరుకున్నానని, ఇప్పుడు మాత్రం తీసెయ్యమని చెప్పింది. ఆమె లేవబోతూ ఉండగా, "రాసింది తెచ్చావా?" అని అడిగింది.

తెచ్చింది. సంచీలో ఉంది.

"అయితే చదివి వినిపించు."

 పోయాక అచ్చు కావలసినదాన్ని పోనివాళ్ళ ముందు ఎవరూ చదవరని ఎలా చెప్పడం? చెబితే మాత్రం ఈవిడ వింటుందా? కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టింది. భూతకాలం ఒక్కొక్క వాక్యం చివరా రాయిలా పడుతోంది. రాశారు, తిరిగారు, పొందారు. పెద్దావిడ కళ్ళు మూసుకుని, ఫోనులో అన్నట్టే, ప్రతి వాక్యానికీ "ఊఁ" అంటోంది. తలుపు దగ్గర నిలబడి డాక్టరు కూడా వింటోంది. తర్వాత ఆ వాక్యం రావాలి. దాన్ని దాటేసి తర్వాతి పేరా అందుకుంది.

"ఆగు" అంది పెద్దావిడ కళ్ళు తెరవకుండానే. "అక్కడ ఒక వాక్యం మింగావు."

"లేదమ్మా."

"ముందు వాక్యం ఎత్తుకున్న ఎత్తుకి ఇంకొకటి ఉండాలి. మింగినది కక్కు."

ఆమె చదివింది. ఇంట్లో, ఆఫీసులో అంత హుందాగా వినిపించిన ఆ మాటలు, ఆ గదిలో, యంత్రం బుసల మధ్య, ఆ కూతురు వింటూండగా, ఎవరిదో ఎంగిలి తెచ్చి విస్తట్లో వడ్డించినట్టు అనిపించాయి.   "ఊఁ" వినపడలేదు.

"ఎవరు చెప్పారు?" అంది పెద్దావిడ. కోపం లేదు. వార్త మీద అడిగే ప్రశ్నలాగే అడిగింది.

"అందరూ అంటారమ్మా."

"అందరూ అనే పేరుగల మనిషిని నేనెక్కడా చూడలేదు. ఒక్కరి పేరు చెప్పు."

ఆమె వెతుక్కుంది. ఎడిటర్ అనలేదు, మెచ్చుకున్నాడంతే. ఆఫీసులో అనేవాళ్ళకి ఆ కథ చెప్పింది చాలావరకు తానే. చివరికి, పరీక్షలో తప్పని తెలిసీ రాసే పిల్లలా, "మా ఇంట్లో అంటారు" అంది.

పెద్దావిడ కళ్ళు తెరిచింది. నిజంగా ఆశ్చర్యపోయింది. "మీ ఇంట్లో వాళ్ళకి నేనెలా తెలుసు? ఎప్పుడూ చూడలేదే."

 చూడని మనిషిని ఇంట్లో పెట్టుకుని, భయం చెప్పడానికి వాడుకున్నామని ఎలా చెప్పడం? ఆ భయాన్ని తాను మోసుకెళ్ళి ఆఫీసు అమ్మాయిలకి పంచిపెట్టానని? ఆమె తల వంచుకుని, ఆ వాక్యం తీసేస్తానంది.

"తీసేస్తే అక్కడ బోసిగా ఉంటుంది" అంది పెద్దావిడ. "పశ్చాత్తాపమేగా నీకు కావలసింది? ఉంది. ఒకటుంది. రాసుకో."

ఆమె కలం తీసింది. సిగ్గు మధ్యలో కూడా లోపల ఏదో ఆశగా తలెత్తింది. ఆ ఆశను చూసి మళ్ళీ సిగ్గుపడింది.

పెద్దావిడ ఆగి ఆగి, ఊపిరి కూడగట్టుకుంటూ చెప్పింది. ఒక దేశంలో సైనిక ప్రభుత్వం కూలిపోయే రోజులు. నెలల తరబడి అక్కడే ఉండి, కూలీల దగ్గరా, రొట్టెల దుకాణాల్లోనూ, ఆసుపత్రి వరండాల్లోనూ తిరిగి, తిరుగుబాటు ఏ వీధి నుంచి మొదలవుతుందో కూడా పసిగట్టిందట. అప్పుడు భర్త దగ్గర్నుంచి తంతి వచ్చింది: పాపకి బాగోలేదు, వెంటనే రా. వచ్చింది. పాపకి జలుబు. ముక్కు కారుతోంది, మంచం మీద బొమ్మలు వేసుకుంటోంది. భర్త, "నీకు ఇల్లు గుర్తుందో లేదో చూద్దామని" అన్నాడట, నవ్వుతూ. మర్నాడు పొద్దున్న స్టవ్ దగ్గర నిలబడి జావ కలుపుతూ ఉండగా రేడియోలో వచ్చింది, ఆ నగరంలో జనం జైలు తలుపులు తెరిచేశారని. తాను పసిగట్టిన వీధి నుంచే మొదలైంది. ఆ రోజు అక్కడ ఉన్న మగవాళ్ళు రాసిందే ఇప్పటికీ చరిత్ర పుస్తకాల్లో ఉంది. వాళ్ళకి ఆ భాష రాదు.

"నేను ఇల్లు వదిలి వెళ్ళినందుకు ఎప్పుడూ బాధపడలేదు. ఆ రోజు ఇంటికి తిరిగొచ్చినందుకు బాధపడ్డాను. ఇప్పటికీ. అది రాయి."

ఆమె కలం కాగితం మీద ఆనింది కానీ కదలలేదు. జబ్బుపిల్ల దగ్గరికి వచ్చినందుకు బాధపడిన తల్లి. చదివినవాళ్ళు ఏమంటారు? పోయిన మనిషిని, అందులోనూ ఆడమనిషిని, ఇలా... ఆమె తనకు తెలియకుండానే తలుపు దగ్గరున్న కూతురి వైపు చూసింది, క్షమించమన్నట్టు.

"చేయి ఆగిందేం?" అంది పెద్దావిడ.

డాక్టరు నవ్వింది. "నన్ను చూస్తారేమిటండీ. ఆ జలుబు నాదే. చిన్నప్పటినుంచి వింటున్నాను. నాకు వారంలో తగ్గింది, అమ్మకే ఇంకా తగ్గలేదు." తర్వాత గరిటెతో తల్లిని చూపిస్తూ, "నాన్న చేసిన పనికి నేను సాక్ష్యం. ముక్కు కారిందని నన్ను మంచం దిగనివ్వలేదు. రాసుకోండి" అని కిందికి వెళ్ళిపోయింది. ఎవరో పేషెంటు పిలుస్తున్నాడు.

ఆమె రాసుకుంది. పూర్తయ్యాక చదివి వినిపించింది. పెద్దావిడ ఈసారి "ఊఁ" అంది. ఇక లేచి వెళ్ళిపోవచ్చు. చెప్పులు వేసుకుంటూండగా వెనక నుంచి ఆ గొంతు మళ్ళీ అడిగింది.

"ఫోనులో వార్తలు రాసుకునే అమ్మాయివి నువ్వే కదా? ఆ ఊళ్ళ పేర్లు తప్పు లేకుండా తిరిగి చదివేదానివి నువ్వొక్కదానివే. నేను ఉద్యోగం విరమించి తిరిగొచ్చేసేటప్పుడు నా చోటికి నిన్ను పంపమని చెప్పి వచ్చాను. నువ్వెందుకు వెళ్ళలేదు?"

ఆమె చెప్పు మీద ఒక కాలు పెట్టి అలాగే నిలబడింది. ఆ పోస్టింగు ఎవరి మాట మీద తన దాకా వచ్చిందో ఆమెకి అంతవరకు తెలియదు. చెప్పాలనుకుంది. ఏం చెప్పాలో లోపల అంతా ఉంది. నోరు తెరిస్తే, ఇన్నేళ్ళుగా అరిగిన దారిలో నీళ్ళు పారినట్టు, అదే వాక్యం వచ్చేసింది. "ఎవరూ ఆపలేదమ్మా. నాకే ఇష్టం లేకపోయింది."

"ఆఫీసులో నాకూ అలాగే చెప్పారు" అంది పెద్దావిడ. ఇంకేమీ అడగలేదు. కళ్ళు మూసుకుంది. నమ్మిందో, నమ్మనట్టు కనపడకూడదని మర్యాద చూపించిందో తెలియలేదు. ఆ మర్యాదే ఆమెను మెట్లు దిగేదాకా తరిమింది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. బయట చూస్తూ కూర్చున్న ఆమెకి వీధులు కనపడలేదు. ఆ సాయంత్రం కనపడింది. అప్పటి ఎడిటర్ పిలిచి పోస్టింగు సంగతి చెప్పిన రోజు, ఆమె ఆఫీసు నుంచి ఇంటిదాకా నడిచి వచ్చింది. బస్సు ఎక్కితే ఆ సంతోషం పక్కవాళ్ళకి తగిలి ఒలికిపోతుందనిపించింది. భర్తకి చెప్పినప్పుడు ఆమె అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. అతను గోళ్ళు తీసుకుంటున్నాడు. తల ఎత్తకుండా, "నీ ఇష్టం" అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాటకి అర్థం ఏమిటో ఆమెకి, అత్తగారికి, పాపకి కూడా తెలుసు. ఆ తర్వాత అతను ఆమెతో మాట్లాడటం మానేశాడు. కోపం లేదు, గొడవ లేదు. కావలసినవన్నీ పాప ద్వారా అడిగేవాడు. "పాపా, అమ్మని తువ్వాలు ఇమ్మను. పాపా, అమ్మ వెళ్ళేలోపు నీకు హాస్టలు చూడమని చెప్పు." అత్తగారు, "నాదేముంది, ఓపికున్నన్నాళ్ళు చూస్తాను, ఆ ఓపిక ఎన్నాళ్ళుంటుందో నాకే తెలియదు" అని, అప్పటిదాకా లేని నడుంనొప్పితో మంచం ఎక్కింది. ఒక పొద్దున్న భర్త పాపని దగ్గరికి తీసుకుని, "అమ్మ ఆ దేశంలో ఉంటే నీకు జడ ఎవరు వేస్తారే?" అని అడిగాడు, ఎంతో ప్రేమగా. పాప స్కూలు బస్సు ఎక్కనని ఏడ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె, వెళ్ళడం లేదని చెప్పింది. భర్త వెంటనే, అప్పటిదాకా మాట్లాడనిదేమీ లేనట్టే, "అయ్యో, అదేమిటి? నేను వద్దనలేదే" అన్నాడు. ముఖంలో నిజమైన కలవరం. తాను చెడ్డవాడిగా మిగులుతాడేమో అన్న కలవరం. ఆ ముఖం చూసి ఆమెకే జాలేసింది. "మీరెక్కడన్నారు, నాకే ఇష్టం లేదు" అంది. ఆ ఒక్క వాక్యంతో ఇంట్లోకి మాటలు తిరిగొచ్చాయి. అతను కూర మెచ్చుకున్నాడు. అత్తగారి నడుము లేచి కూర్చుంది. పాప నిద్రపోయింది. అంత పని చేసిన వాక్యం కనుక ఆమె దాన్ని జాగ్రత్తగా వాడుకుంది. మర్నాడు ఎడిటర్ దగ్గర, తర్వాత పుట్టింట్లో, తర్వాత ఏళ్ళ తరబడి భోజనాల బల్ల దగ్గర. వండటం, ఉతకడం, చదివించడం లాంటి పనులకి ఎప్పుడైనా ఎవరో ఒకరు పాపం అనేవారు. భర్త మంచితనాన్ని ప్రతిరోజూ తుడిచి మెరుగు పెట్టి నలుగురికీ చూపించే ఈ పనిని మాత్రం, పని అని ఎవరూ అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు. మోసపోయానని ఏడవడానికి కూడా ఆమెకి హక్కు లేదు. మోసపోయింది లేదు. తెలిసే చేసింది. అదీ సిగ్గు. ఆ సిగ్గుని కప్పుకోవడానికి ఒక ముసలావిడ బతుకు తెచ్చి దుప్పటిలా కప్పుకుంది.

ఆఫీసులో ఆమె వాక్యాన్ని కొట్టేసి, దాని చోట పెద్దావిడ చెప్పినదంతా పెట్టింది. తంతి, జలుబు, జావ, రేడియో. ఎడిటర్ చదివి మొహం చిట్లించాడు. ఇది అవసరమా అన్నాడు. ముందరిది ఎంతో బాగుందని, ఇది చదివితే ఆవిడ మీద ఉన్న గౌరవం పోతుందని, పైగా ఎప్పుడో పోయిన ఆవిడ భర్తని చెడ్డ చేసినట్టు ఉంటుందని మెత్తగా నచ్చజెప్పాడు. ఆమె వాదించలేదు. వాదించడం ఆమెకి చేతకాదు. "ముందరిది ఆవిడ అనలేదండీ, నేను అన్నాను. ఇది ఆవిడ అన్నారు. చదివి వినిపించి వచ్చాను" అంది. చదివి వినిపించినదాన్ని మార్చకూడదన్న పాత నియమం ఎడిటర్‌కి కూడా తెలుసు. ఒక నిట్టూర్పు విడిచి ఫైలుని చల్లపెట్టెలోకి పంపించాడు.

ఇంటికి వచ్చి స్టవ్ వెలిగించింది. భర్త ముందే వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. భోజనాలప్పుడు, పెద్దావిడ దగ్గరికి వెళ్తున్నానని ఆమె పొద్దున్న చెప్పిన సంగతి గుర్తొచ్చి, "ఏమంది సూట్‌కేసమ్మ? బాధపడిందా?" అని అడిగాడు, వడ్డించిన కూరలోంచి మిరపకాయ ఏరి పళ్ళెం అంచున పెడుతూ.

ఆమె చెప్పింది. పాప జలుబుకి తిరిగొచ్చినందుకు బాధపడిందని, అదే రాశానని చెప్పింది.

భర్త చాలాసేపు తల అడ్డంగా ఊపాడు. "ఏం మనిషి. కన్నతల్లి అనాల్సిన మాటేనా అది. పాపం ఆ భర్త ఎన్ని పడ్డాడో." తర్వాత, జాలి పూర్తయ్యాక, ఎప్పటిలాగే ఇటు తిరిగాడు. గొంతులో నిజమైన ఆప్యాయత ఉంది. "అందుకే నిన్ను చూస్తే నాకు గర్వం. నీకూ రాలేదూ అవకాశం? ఎవరు ఆపారు? నీ అంతట నువ్వే వద్దనుకున్నావు. అందుకే ఇవాళ ఇల్లు ఇల్లులా ఉంది."

అని ఆగాడు. అది ఆమె వంతు. ఇన్నేళ్ళుగా అక్కడ ఆమె ఒక మాట అనేది, అతను తల ఆడించేవాడు, సంభాషణ ముగిసేది. ఈ రోజు కూడా ఆ మాట నాలుక చివరకి వచ్చి నిలబడింది. మధ్యాహ్నం ఆ పెద్దావిడ ముందు జారిపోయినంత సులభంగా జారిపోయేదే. ఆమె గరిటె గిన్నెలో పెట్టి, అతని ఎదురుగా కూర్చుంది. మామూలుగా అతను తిన్నాక కూర్చునేది.

"నేను వెళ్దామనుకున్నాను" అంది.

"ఎక్కడికి?"

"అప్పుడు. ఆ పోస్టింగుకి. నాకు చాలా ఇష్టం. ఆ రోజు ఇంటిదాకా నడిచి వచ్చాను, అంత ఇష్టం."

భర్త చెయ్యి ముద్ద దగ్గర ఆగిపోయింది. "మరి నేను వద్దన్నానా? ఎవర్నైనా అడుగు. నువ్వే చెప్పావు అందరికీ, నాకే ఇష్టం లేదని."

"చెప్పాను" అంది ఆమె. ముఖం మండుతున్నా తల దించలేదు. "మీరు చెప్పాల్సిన అబద్ధం ఇన్నేళ్ళూ మీ బదులు నేను చెప్పాను. ఇకనుంచి మీరే చెప్పుకోండి."